గళ్ల చార్టు అప్పగింత

కంపెనీలకు రంగులు పూసిన కాలం అది. సౌదీలో బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెప్తాను. నితాకత్ అని ఒక పద్ధతి వచ్చింది. కంపెనీలో సౌదీవాళ్లు ఎంతమంది ఉన్నారో చూసి ఆ కంపెనీకి ఒక రంగు ఇచ్చేవారు. చాలినంతమంది ఉంటే ఆకుపచ్చ, తక్కువైతే పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. ఎర్ర కంపెనీలో పనిచేసేవాడి ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్ కాదు. అందుకని ఆ రోజుల్లో శుక్రవారం బజార్లో మనవాళ్లు ఎదురుపడితే "మంచిగున్నవా" అనడం మానేసి "మీది ఏం రంగు నడుస్తుంది?" అని పలకరించుకునేవారు. మాది ఎరుపు. ఆ మాట చెప్పగానే అవతలివాడు "అయ్యో" అని భుజం తట్టి వెళ్లిపోయేవాడు. అప్పట్లో నాకు ఏ విషయమూ సరిగ్గా అర్థమయ్యేది కాదు. (ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయని కాదు, అర్థం కాకపోతే ఊరుకోవడం అలవాటైంది.)

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. హుఫూఫ్‌లో ఏసీలు బాగుచేసే ఒక కంపెనీలో స్టోర్‌కీపర్ని. అంతకుముందు జగిత్యాలలో నేను చేసిన పనల్లా పోటీ పరీక్షలు రాయడమే. కానిస్టేబుల్ పరుగులో చివరి రౌండు దగ్గర కూలబడ్డాను, బ్యాంకు పరీక్షలో టైము చాలలేదు, ఇంకో పరీక్షకు హాల్‌టికెట్టు ఇంట్లో మర్చిపోయి వెళ్లాను. మా పెదనాన్న అల్లుడు, అంటే మా బావ, అప్పటికే ఆ కంపెనీలో ఏసీ మెకానిక్కు. నా అవస్థ చూడలేక ఖలాస్ సాబ్‌ను బతిమాలి నన్ను స్టోరులో వేయించాడు. ఖలాస్ సాబ్ అంటే మా మేనేజరు, ఈజిప్టు మనిషి. ఏ మాట మొదలుపెట్టినా చివర "ఖలాస్" అనేవాడు, అంటే అయిపోయింది, ఇక మాట్లాడకు అని. ఆ స్టోరులో ఏ మోటారు ఏ అరలో ఉందో, ఏ కెపాసిటర్ ఏ డబ్బాలో ఉందో నేను కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. సైట్ల మీది మెకానిక్కులు ఫోన్ చేసి "నువ్వు లేకుంటే పని నడవది తమ్మీ" అంటే పొంగిపోయేవాణ్ణి. అంతవరకు నేను లేకపోతే ఆగిపోయే పని లోకంలో ఒక్కటీ లేదు మరి.

ఆ స్టోరులో నాకున్న ఒకే ఒక చెడ్డ అలవాటు గళ్ల నుడికట్టు. తెలుగు పేపరు అక్కడ దొరకదు కాబట్టి, పొద్దున ఏడున్నరకు కంప్యూటరు తెరవగానే నెట్‌లో మన పేపరు నుంచి ఆ పేజీ ఒక్కటి ప్రింటు తీసి, స్టాకు కాగితాల అట్టకు క్లిప్పు చేసి, పెన్సిలు పట్టుకుని కూర్చునేవాణ్ణి. దూరం నుంచి చూసేవాళ్లకు మహా శ్రద్ధగా స్టాకు రాసుకుంటున్నట్టే ఉండేది (అదే నా ఉద్దేశం కూడా). పురాణాల మాటలు తగిలితే బావకు ఫోన్. చిన్నప్పుడు ఊళ్లో చిరుతల రామాయణం ఆడిన మనిషి, రామాయణ భారతాలన్నీ నోటికొచ్చు. ఫోన్ ఎత్తేటప్పటికి ఏదో ఒక బిల్డింగు మిద్దె మీద ఏసీ విప్పుకుని ఉండేవాడు.

"బావా, నాలుగు అడ్డం. ద్రౌపది తోడబుట్టినోడు, ఐదక్షరాలు."

"ఏందిరా బామ్మర్ది పొద్దుగాల్నే! నేనీడ ఎండకు మాడుతున్న. ధృష్టద్యుమ్నుడు. రాసుకున్నవా? మర్వకుండ ఒక ఫ్యాన్ మోటర్ గూడ పంపియ్యి."

మర్నాటి పేపర్లో జవాబులు వచ్చేవి. వాటితో సరిచూసుకుని, ఒప్పయినవాటికి టిక్కులు పెట్టి, తప్పులెక్కువైతే ఆ పూటంతా మెకానిక్కుల మీద విసుక్కుని, కాగితాన్ని ఫైల్లో దాచేవాణ్ణి. పారేయడానికి మనసొప్పేది కాదు. ఏడాదిన్నరలో అది బాగా లావైన ఫైలయింది. ఒకసారి ఒక నుడికట్టు కాగితం పొరపాటున సామాను కావాలని పంపే కాగితాల్లో కలిసి ఖలాస్ సాబ్ బల్ల మీదికి వెళ్లిపోయింది. ఆయన కట్టలో ఏముందో చూడకుండా అన్నిటికీ సంతకం పెట్టే మనిషి, దానికీ పెట్టి పంపాడు. ప్రాణం లేచివచ్చినట్టయి దాన్ని కూడా ఫైల్లో భద్రంగా పెట్టుకున్నాను. చించేసి ఉంటే ఈ కథే లేదు.

ఒకరోజు ఖలాస్ సాబ్ ఒక సౌదీ యువకుణ్ణి వెంటబెట్టుకుని స్టోరుకు వచ్చాడు. నా ఈడువాడే. నలగని తెల్లటి పొడుగు అంగీ, అత్తరు వాసన. (ఆ సాయంత్రమే బావ అతనికి పెండ్లికొడుకు అని పేరు పెట్టేశాడు.) "ఇతను నీ దగ్గర మూడు నెలలు ఉంటాడు. పనంతా నేర్పు. ఆ తర్వాత స్టోర్‌కీపర్ ఇతనే. కంపెనీ ఆకుపచ్చ అవుతుంది, నీకు ఎగ్జిట్. ఖలాస్" అన్నాడు. (మా మాటలన్నీ అరబ్బీ కలిసిన ఇంగ్లీషులో నడిచేవి, నేను తెలుగు చేసి చెప్తున్నాను.) ఎగ్జిట్ అంటే సామాను సర్దుకుని శాశ్వతంగా ఇంటికి పొమ్మని. నేను బుద్ధిగా తలూపాను. ఎందుకూపానో ఇప్పటికీ తెలియదు. కానిస్టేబుల్ పరుగులో కూలబడినప్పుడు కూడా ఇలాగే ఎవరో ఏదో అంటే తలూపాను.

"నేర్పకురా! మోటర్లున్న అర చూపియ్యి, బెల్టులున్న అర చూపియ్యకు. సగం సగం చెప్పాలె" అని బావ ఆ రాత్రి రూములో గట్టిగా పట్టుబట్టాడు. సరేనన్నాను. కానీ మర్నాడు పెండ్లికొడుకు నాకంటే ముందే వచ్చి, ఒక నోటుబుక్కు తెరిచి, "ఇది ఏమిటి? ఇదెందుకు ఇక్కడే పెట్టావు?" అని ఒక్కొక్కటే అడుగుతుంటే నాకు ఆగలేదు. జీవితంలో నన్ను అన్ని ప్రశ్నలు అడిగి, నేను చెప్పింది రాసుకున్న మనిషి ఇంకొకడు లేడు. మూడు రోజుల్లో బెల్టుల అరే కాదు, అతను అడగనివి కూడా చూపించేశాను. నా ఉద్యోగాన్ని నేనే మడతపెట్టి అతని చేతిలో పెడుతున్నానని తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం ఆగేది కాదు.

నేను గళ్లు నింపుతుంటే కూడా చూసేవాడు. ఒకరోజు బావతో ఫోన్ అయిపోయాక, "టెక్నీషియన్ చెప్పిన ఆ పొడుగు పేరు గల పార్టు మన దగ్గర స్టాకుందా?" అని అడిగాడు. "అయిపోయింది, ఆర్డరు పెట్టాలి" అన్నాను. అతను సరేనని నోటుబుక్కులో రాసుకున్నాడు. అది విని బావ కడుపుబ్బ నవ్వాడు. "పాపం, ఎంత అమాయకుడురా!" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఐదు వారాలు తిరిగేసరికి అతను అరలన్నిటికీ నంబర్లు అంటించి, నాకంటే వేగంగా సామాను తీసి ఇచ్చేవాడు. ఒక మెకానిక్కు ఫోన్ చేసి "జర ఆ కొత్తాయనకియ్యి తమ్మీ" అన్నాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. ఇంటికి వెళ్తే మళ్లీ నేను హాల్‌టికెట్టు మర్చిపోయినవాణ్ణే.

రెండు నెలలకే ఖలాస్ సాబ్ పరీక్ష పెట్టాడు. ఏది అడిగినా పెండ్లికొడుకు తడుముకోకుండా చెప్పాడు. ఖలాస్ సాబ్ సంతోషంగా నా ఎగ్జిట్ కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీశాడు. అప్పుడు పెండ్లికొడుకు నోటుబుక్కులో పేజీ తిప్పి, "ఒక్కటి మిగిలింది. డైలీ చార్టు. అది ఇతను నాకు నేర్పలేదు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఖలాస్ సాబ్‌కు అంతకన్నా అర్థం కాలేదు. పెండ్లికొడుకు గొంతు సవరించుకుని చదివాడు. "పొద్దున ఏడున్నరకు చార్టు ప్రింటు తీయాలి. పెన్సిలుతోనే నింపాలి, పెన్ను వాడకూడదు. తెలియకపోతే టెక్నీషియన్‌కు ఫోన్ చేయాలి. మర్నాడు కొత్త చార్టుతో సరిచూడాలి. తప్పులుంటే సాయంత్రం వరకు కోపంగా ఉండాలి." చదివి, నా లావు ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏం చార్టు ఇది? నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు ఖలాస్ సాబ్. పెండ్లికొడుకు సరిగ్గా ఒక కాగితం తీసి చూపించాడు. కింద ఖలాస్ సాబ్ సంతకం, నిండుగా ఉంది. ఆయన సంతకాన్ని చూశాడు, గళ్లను చూశాడు, కాగితాన్ని తలకిందులుగా తిప్పి మళ్లీ చూశాడు. చివరికి గంభీరంగా "ఆఁ, ఈ చార్టా! ఇది నాకు తెలుసు" అన్నాడు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. "సార్, అది..." అన్నానో లేదో, "నువ్వాగు. ఇంకెవరికి తెలుసు ఇది?" అని గద్దించి, నేను చెప్పిన బావ నంబరుకు స్పీకర్ పెట్టి ఫోన్ చేసి, స్టోరు చార్టు సంగతి నీకు తెలుసా అని అడిగాడు. మేనేజరు గొంతు వినగానే బావకు వణుకు పుట్టినట్టుంది. "ఎస్ సార్! డైలీ సార్! వితౌట్ చార్ట్ నో వర్క్ సార్!" అన్నాడు. ఆ వెంటనే తెలుగులో, "ఏమైందిరా బామ్మర్ది, పట్టుబడ్డవా?" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఖలాస్ సాబ్.

"చార్టు చాలా ముఖ్యమంటున్నాడు సార్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు.

ఖలాస్ సాబ్ గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. స్టోర్‌కీపర్ పెండ్లికొడుకే, కంపెనీ ఆకుపచ్చ అవుతుంది, అయ్యాక నా ఇకామా కూడా రెన్యూవల్ చేయిస్తారు, ఇకనుంచి నేను అసిస్టెంటుని, ఆ చార్టు పూర్తిగా అప్పగించేవరకు కదలడానికి వీల్లేదు. "ఖలాస్" అని ఎగ్జిట్ కాగితం సొరుగులో పడేశాడు. నేను మళ్లీ తలూపాను.

రాత్రంతా నాకు ఒకటే బెంగ. ఉద్యోగం నిలిచింది సరే, ఈ అమాయకుడికి ఇప్పుడు అ ఆ ఇ ఈ ల నుంచి మొదలుపెట్టి నుడికట్టు ఎలా నేర్పాలి? పొద్దున వెళ్లేసరికి నా బల్ల మీద ఆ రోజు పేజీ ప్రింటు తీసి ఉంది, పక్కన చెక్కిన పెన్సిలు. పెండ్లికొడుకు సంచిలోంచి ఒక అరబ్బీ పేపరు తీసి విప్పాడు. అందులోనూ తెలుపు నలుపు గళ్లు, సగం నింపినవి. "మా నాన్నది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ రోజూ నింపుతాడు. తప్పు వస్తే ఆ పూట ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. నువ్వేం చేస్తున్నావో నాకు మొదటి రోజే తెలుసు" అన్నాడు.

"మరి ఆ పొడుగు పేరు స్టాకుందా అని అడిగావు?"

"నువ్వు ఆర్డరు పెడతానన్నావుగా. ఇంకా రాలేదు" అన్నాడు, నవ్వకుండా.

ఎందుకు చేశావని అడిగాను. పేపరు మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాడు. "నా స్నేహితులకు ఉద్యోగాలిచ్చిన కంపెనీలు పేరు రాసుకుని ఇంటికెళ్లి పడుకోమన్నాయి. నేనూ రంగు కోసమే వచ్చానని తెలుసు. నువ్వు అర అరా చూపించి పని నేర్పావు. నేర్పినవాణ్ణి పంపించేసి నీ కుర్చీలో ఎలా కూర్చోను?" అన్నాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. వాటితోపాటే సిగ్గూ వచ్చింది. గళ్లు నింపే పిచ్చి తెలుగువాళ్లకు తప్ప ఇంకెవరికీ ఉండదని నేనెందుకనుకున్నానో, అతన్ని అమాయకుడని ఏ ధైర్యంతో నవ్వుకున్నానో తెలియలేదు.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని పనిచేశాం. చార్టు అప్పగింత ఎంతవరకు వచ్చిందని ఖలాస్ సాబ్ అడిగినప్పుడల్లా "కష్టంగా ఉంది సార్" అని పెండ్లికొడుకే చెప్పేవాడు. తర్వాత పరాయిదేశం మనిషి ఒక్కొక్కరికీ కంపెనీ నెలనెలా సర్కారుకు కట్టాల్సిన లెవీ అని ఒక పన్ను వచ్చింది, కంపెనీ సగమైంది, నేను కూడా నా అంతట నేనే ఎగ్జిట్ అడిగి వచ్చేశాను. ఇప్పుడు మెట్‌పల్లిలో ఏసీ సామాన్ల కొట్టు నాది. నేను లేని స్టోరు ఎప్పటిలాగే నడిచిందట, ఒక్క ఏసీ కూడా ఆగలేదట. తను లేకపోతే లోకం ఆగిపోతుందనుకున్న ఆ ఇరవై ఆరేళ్లవాణ్ణి తలుచుకుంటే ముద్దొస్తాడు. నిన్ను అక్కడ ఉంచింది నీ పనితనం కాదురా, నీ పనంతా నేర్చేసుకున్నవాడి మంచితనం అని వాడికి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడికి అర్థం కాదు, బుద్ధిగా తలూపుతాడు.