మా చర్చికి రెండో తలుపు

మా పేట చర్చికి ఉత్తరాన ఒక తలుపు, దక్షిణాన ఒక తలుపు ఉన్నాయి. అవి పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ గుర్తులని కొత్తగా వచ్చిన పాస్టరుగారు మొన్న ప్రసంగంలో చెప్పారు. వెనక వరసలో నేను తల వంచుకున్నాను. రెండు తలుపులకు కారణం నేను. ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు గనక రాసిపెట్టక తప్పదు.

ఎనభైల మొదట్లో నేను పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. బళ్లో చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా శాఖా గ్రంథాలయం చలవ. అక్కడ అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, ఇంగ్లాండులో ఏదో పల్లెటూరి చర్చిల చరిత్ర. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివాను. నాకంటే ముందు దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదు. అదీ నా గొప్పే అనుకున్నాను. మొన తేలిన కమాను ఏ కాలానిదో, గుండ్రటిది ఏ కాలానిదో పత్తి తెచ్చిన రైతులకు వివరించేవాణ్ణి. తూకం తేలేదాకా వాళ్లు ఓపికగా వినేవారు.

ఆ ఏడే మా మట్టిగోడల చర్చి తీసేసి ఇటుకలతో కట్టాలనుకున్నారు. పాత తలుపు ఉత్తరాన, వేపచెట్టు నీడలో ఉండేది. చెప్పులు అక్కడే విడిచేవాళ్లం. తాపీమేస్త్రి మళ్లీ అటే తలుపుకు ముగ్గు పోయబోతుంటే అడ్డం నిలబడ్డాను.

"ఉత్తరపు తలుపును ఇంగ్లాండులో సైతాను తలుపంటారండీ. వాకిలి దక్షిణాన ఉండాలి."

"అటు ఎండ కదరా అబ్బాయ్?"

"వందల ఏళ్లుగా వాళ్లెవరికీ కొట్టని ఎండ మనకే కొడుతుందా?"

సైతాను మాట వినగానే పెద్దలు జడిశారు. మిరప కోతకు వెళ్లే మా అమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "మావాడు అంత లావు పుస్తకం చదివాడు. మీలో ఎవరన్నా చదివారా?" అంది. ఎవరూ చదవలేదు. తలుపు దక్షిణానికి మారింది.

కొత్త చర్చిలో మొదటి పెద్ద ఆరాధన గుడ్ ఫ్రైడే నాడు. పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద పలికిన ఏడు మాటలు. అంతసేపూ చెప్పులు బయట ఎండలో కాలాయి. ఆమెన్ అని బయటికొచ్చిన జనం ఒంటికాలి మీద గెంతారు.

"ఏరా ఇంగ్లాండు దొరా, నా చెప్పులు నువ్వు తొడుక్కో!" అని నా ఈడువాడొకడు అరిచాడు.

ఆడవాళ్లు నన్నేమీ అనలేదు. మా అమ్మ వంక చూశారు. ఆమె తన చెప్పుల్లో కాళ్లు పెట్టి, "నాకేం కాలట్లేదే!" అంటూ నిదానంగా నడిచింది. ఇంటికొచ్చాక చూస్తే అరికాళ్ల నిండా బొబ్బలు. మర్నాడు కోతకు పోలేకపోయింది.

ఈస్టరు ఉదయం సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచాను. "తప్పు మా అమ్మది కాదండీ. ఇంగ్లాండులో చలికి తట్టుకోలేక ఎండ కోసం తలుపు దక్షిణాన పెట్టుకున్నారని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. చదివీ దాచాను. ఉత్తరపు గోడ పగలగొట్టండి" అన్నాను.

ఒక్క ఎత్తిపొడుపు మాట లేకుండా ఆ గోడ తొలిచి తలుపు బిగించిన తాపీమేస్త్రికి, గడువు దాటిన పుస్తకం గురించి అడగని గ్రంథాలయం ఆయనకు, అమ్మ కాళ్లకు కలబంద గుజ్జు రాసిన పక్కింటి పిన్నికి రుణపడి ఉన్నాను. అందరికన్నా మా అమ్మకు. దక్షిణపు తలుపు మూసేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. బతికున్నన్నాళ్లూ అందులోంచే వచ్చింది, విడిచిన చెప్పులు కొంగు చాటున లోపలికి తెచ్చుకుని.