పక్కింటి పొయ్యి మీద సర్వపిండి

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మేముండే క్వార్టర్ల వరసలో ఒక కట్టుబాటు ఉండేది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్లే అన్నం వండి పట్టుకెళ్లి పెడతారు. అందుకే కష్టంలో ఉన్న ఇంటికి అన్నం గిన్నెతో వెళ్లాలంటే మా ఆడవాళ్లు జంకేవారు.

ఒకరోజు మొదటి షిఫ్టులో గనిలో పైకప్పు కూలింది. మధ్యాహ్నానికి అందరూ పైకి వచ్చారు, పక్కింటి అక్క పెనిమిటి తప్ప. మగవాళ్లంతా గని దగ్గరికి పరుగెత్తారు. అక్క పచ్చి బాలింత. ఆమెను కదలనివ్వలేదు. పాపను ఒళ్లో వేసుకుని గడపలో కూర్చుని వీధి చివరకే చూస్తోంది. పొద్దుటి నుంచి ఆమె నోట్లో మెతుకు పడలేదు. పాలు చాలక పాప గుక్కపట్టి ఏడుస్తోంది. పెద్ద పిల్లాడు ఆకలని కొంగు లాగుతున్నాడు.

మా అమ్మ గిన్నెలో అన్నం, పచ్చిపులుసు సర్దుకుని బయలుదేరింది. నాయనమ్మ గుమ్మంలోనే ఆమె చెయ్యి పట్టుకుంది.

"యాడికి పోతున్నవ్? గా గిన్నె జూస్తే ఆ పిల్ల ఏమనుకుంటది? మొగడు పోయిండని మనమే చెప్పినట్టు గాదా?"

అమ్మ గిన్నె దించేసింది. నాయనమ్మ బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, కారం చేటలో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి నడిచింది. మేం చిన్న అబద్ధమాడితే వీపు విమానం మోత మోగించే మనిషి, ఆ రోజు తడబడకుండా అంది.

"బిడ్డా, మా బొగ్గుల పొయ్యి అంటుకుంటలేదు. మీ పొయ్యి మీద రెండు సర్వపిండ్లు కాల్చుకుంట."

మా పొయ్యి పొగ గోడ మీదుగా వాళ్ల వాకిట్లోకే వస్తోంది. అక్క ఆ పొగను చూసింది, నాయనమ్మను చూసింది. పక్కకు జరిగి దారిచ్చింది.

సర్వపిండి విషయంలో నాయనమ్మ ఎవరి మాటా వినేది కాదు. అలాంటిది పొయ్యి రాజుకోగానే, "మీ అవ్వ ఎట్ల చేస్తది బిడ్డా?" అని వాళ్లమ్మ వంట గురించి అడిగింది. అక్క వీధి మీంచి చూపు ఇటు తిప్పింది.

"సొరకాయ తురిమి ఏస్తది. నీళ్లు వొయ్యది. గా తడితోనే కలుపుతది."

పెరట్లోని పాదు నుంచి నేను కాయ కోసుకొచ్చాను. పాపను నా ఒళ్లో పెట్టి అక్క లేచింది. తనే తురిమి, పిండి కలిపి, గంజు గిన్నె లోపలంతా పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేసింది. సర్వపిండికి తొందర పనికిరాదు. ఒకటి కాలాక గంజు చల్లారితే గానీ ఇంకొకటి ఒత్తలేం. నాయనమ్మ ఆ వంటనే ఎందుకు ఎంచుకుందో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

మొదటిది పిల్లాడు తిన్నాడు. తరవాతిది తుంచి నాయనమ్మ అక్క చేతిలో పెట్టి, "ఉప్పు సరిపోయిందా సూడు" అంది. ఉప్పు చూస్తూ చూస్తూ అక్క మొత్తం తినేసింది. పాప పాలు తాగి నిద్రపోయింది. ఇంకొకటి బాగా ఎర్రగా కాల్చి అక్క మూతపెట్టింది.

"ఆయనకు గిట్ల మాడిందే ఇష్టం."

నాయనమ్మ గంజు చల్లారబెట్టి మరొకటి ఒత్తింది.

పొద్దు వాలే వేళకు మగవాళ్లు తిరిగి వచ్చారు. ఎవరూ గడప దాకా రాలేదు. తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. అక్క అరుపుకు పాప మళ్లీ లేచింది.

పొయ్యి మీద మరొకటి కాలుతూనే ఉంది. నాయనమ్మ గంజు దించింది. చెంబుతో నీళ్లు తెచ్చి, తాను ముట్టించిన నిప్పుల మీద తానే పోసింది. అప్పుడు గోడ అవతలున్న అమ్మతో, "ఇగ బువ్వ తే" అంది.

ఆ తరవాత ఎన్నో ఇళ్లలో దవాఖాన కబురు కోసం కాచుకుని కూర్చున్న వాళ్లను చూశాను. అంతా మంచే జరుగుతుందనే మాట నా నోట రాదు. ఆ రోజు జరగలేదు కదా. వాళ్ల వంటింట్లోకి వెళ్లి, మీ అమ్మ ఎలా వండేదో చెప్పమంటాను. వాళ్లు చెబుతారు, ఎంతో కొంత తింటారు. ఇక కబురు ఎలాంటిదైనా సరే, అది వచ్చేదాకా నేను ఆ పొయ్యి దగ్గరి నుంచి లేవను.