గుర్తు పెట్టని నేల

మా ఎరుకల సంఘానికి ఆఫీసంటూ ఏమీ లేదు. నిడదవోలు స్టేషను అవతల కాలువగట్టు మీద మా పేట, పేటలో మా ఇంటి అరుగు, అంతే. అధ్యక్షుడు మా నాన్న. ఈత బుట్టలు అల్లుకుంటూ ఊళ్లు తిరిగిన మా తాతలు ఆ గట్టు మీద ఆగిపోయారు. తరవాత ఊరే పెరిగి మా చుట్టూ వచ్చేసింది. తొంభైల్లో సంఘం పెట్టుకున్నది పేటనీ, వెనకున్న శ్మశానాన్నీ మా పేర రాయించుకోవడానికే. హద్దులు మాకు నోటికి వచ్చు: ఇటు రైలుకట్ట, అటు కాలువ, చివర తుమ్మచెట్లు. ప్రభుత్వం కాగితాల్లో మాత్రం అది పోరంబోకు.

మా పేటలో ఒక పద్ధతి ఉండేది. మనిషిని పూడ్చాక దిబ్బ మిగల్చరు. మట్టిని తొక్కి చదును చేసి, పైన గడ్డి పరిచి వచ్చేస్తారు. రాయి పెట్టరు. తిరిగే రోజుల్లో, తాము వెళ్లిపోయాక ఎవరూ తవ్వకూడదని చేసుకున్న ఏర్పాటది. ఒకచోట స్థిరపడ్డాకైనా మానుకోవచ్చుగా? మానలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇళ్లకు పట్టాలొచ్చాయి. శ్మశానం దగ్గరే పేచీ వచ్చింది. సర్వేయరు వచ్చి నేలంతా కలియజూశాడు.

"ఒక్క సమాధీ కనబడదేంటండీ?"

"మేం గుర్తు పెట్టమండి," అన్నాడు నాన్న.

"మరి నేనేం రాసుకోనండీ? ఎక్కడైనా ఒక్కచోట తవ్వి చూపించండి. ఎముక కనబడితే మీదేనని రాసేస్తాను."

మర్యాదగానే అడిగాడు. నాకు అదే ఇంకా కోపం.

కచ్చితంగా తెలిసిన చోటు ఒక్కటే. అంతకు ముందటి వానాకాలంలో మెదడువాపు జ్వరంతో పోయిన మా చెల్లిది. నాన్నే తన చేతులతో దింపాడు. పేటంతా నాన్న వైపు చూసింది. అమ్మ ఇంటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాన్న గునపం తీసుకున్నాడు, కాస్త దూరం నడిచాడు, పడేశాడు.

"ఇక్కడెవరూ లేరండి. అర్జీ పొరపాటున పెట్టాం," అన్నాడు.

సర్వేయరు అలాగే రాసి నాన్నతో సంతకం పెట్టించుకున్నాడు. పేటవాళ్లు నాన్నని తిట్టిపోశారు. సంఘం అక్కడితో మూతపడింది. నాన్న మాత్రం కూతురు కదలకుండా ఉందిలే అనుకుని ఊరుకున్నాడు.

కొన్నేళ్లకు ఆ నేల ఇళ్ల స్థలాలైంది. పునాదులకి పొక్లెయిన్ దిగిన రోజు ఎముకలు బయటపడ్డాయి. మేస్త్రీ పని ఆపించి గట్టు మీదున్న మా దగ్గరికి వచ్చాడు.

"ఇవి మీవాళ్లవేనాండీ?"

సంతకం పెట్టిన మనిషి ఏం చెబుతాడు? అమ్మ ఒక్కతే కిందికి దిగి, చిన్నవీ పెద్దవీ అన్నీ కొంగులోకి ఏరుకుంది. వాటిలో మా చెల్లివి ఏవో ఆవిడకీ తెలియలేదు.

మళ్లీ పూడ్చుకోవడానికి మాకు నేల లేదు. సాయంత్రం అమ్మా నాన్నా కలిసి ఆ మూటని కాలువలో వదిలారు.