మిస్ అడిగిన చట్టం

గత నెల మా సివిక్స్ మిస్ పోయారు. అమ్మ ఫోన్‌లో ఆ మాట చెప్పినప్పుడు నేను లైబ్రరీలో ఉన్నాను. గట్టిగా మాట్లాడకూడని చోటు కనుక "సరే" అని మాత్రం అన్నాను.

చట్టం ఎలా తయారవుతుందో బడిలో మాకు చెప్పింది ఆమే. రిటైరయ్యాక ఒక చట్టం కోసం తిరగడం మొదలుపెట్టారు. ఫంక్షన్ హాళ్లలో వాడి పారేసే ప్లేట్లూ గ్లాసులూ ఆపాలి, వాటిని తయారుచేసే కంపెనీలే ఆ చెత్తను వెనక్కి తీసుకోవాలి. రాష్ట్రం అలాంటి చట్టం చెయ్యాలని ఆమె కోరిక.

అది వచ్చేదాకా ఊరికే కూర్చోలేదు. రాంగోపాల్‌పేట్‌లో మా వీధి వీధంతా తిరిగి, అటకల మీద మూలుగుతున్న స్టీలు గ్లాసులు అడిగి తెచ్చారు. ఎవరింట్లో శుభకార్యమైనా ఆ గ్లాసుల బుట్ట వెళ్లేది. తిరిగొచ్చాక మిస్సూ నేనూ కడిగేవాళ్లం. గ్లాసుల మీద చెక్కిన పేర్లు చూసి, ఎవరి పెళ్లికి ఎవరిచ్చారో, ఆ పెళ్లిలో ఎవరు అలిగారో చెప్పేవారు. నన్ను మాత్రం మాట్లాడమని ఎప్పుడూ బలవంతపెట్టలేదు.

ఇంత బాగా నడుస్తుంటే చట్టమెందుకని ఒకసారి నేనే అడిగాను.

"నాకు జెరమొస్తే ఎవలు కడుగుతరు బిడ్డా? నేను లేకున్నా నడవాలె గదా."

సోమవారాలు ఎమ్మెల్యే ఆఫీసుకు నన్నూ తీసుకెళ్లేవారు. "మళ్లొచ్చిండ్రా మేడం?" అని పీఏ నవ్వేవాడు. "చట్టం తెండ్రి, ఇగ రాను," అంటూ కుర్చీలో సర్దుకుని కూర్చునేవారు. ఎమ్మెల్యే మర్యాదగానే పలకరించేవారు. అసెంబ్లీలో తప్పకుండా మాట్లాడతాననేవారు. మాట్లాడలేదు.

దశదిన కర్మ భోజనాలకు మిస్ తమ్ముడు ప్లాస్టిక్ గ్లాసులు తెప్పించబోయారు. వచ్చేవాళ్లు ఎక్కువ, కడిగేవాళ్లెవరని ఆయన బాధ. నేను కడుగుతానన్నాను. ఆయన చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నారు. నేను నల్లా దగ్గర కూర్చునేసరికి వీధిలో ఆడవాళ్లు కొంగులు దోపుకుని వచ్చారు.

ఎమ్మెల్యే కూడా వచ్చారు. ఫొటోకు దండ వేసి, మంచినీళ్లు తాగి, ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని అలవాటుగా చెత్తబుట్ట కోసం చుట్టూ చూశారు. కనబడకపోయేసరికి మా దగ్గరికి నడిచి వచ్చారు.

"ఇక్కడ పెట్టండి సార్," అన్నాను. "చట్టం వచ్చేదాకా మేమే కడుగుతాం."

ఆయన పెట్టలేదు. బయట కారు స్టార్టయింది. పీఏ వచ్చి పిలిచాడు. ఆ గ్లాసు అలాగే పట్టుకుని, సబ్బు నురగ పారుతున్న ఆ తడినేల మీద చాలాసేపు నిలబడ్డారు.