మా నాయన స్పిరిట్ టాక్సీ

పోయిన వారం ఆదోని బంకులో మనవడు స్కూటర్‌కు పెట్రోలు పోయించుకుంటుంటే, అందులో ఇథనాల్ కలిపామని రాసిన బోర్డు నా కంటపడింది. అదేమిట్రా అనడిగితే, చెరుకు మడ్డి నుంచి తీసే స్పిరిటే అవ్వా, దేశానికి మంచిదంట అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మంచిదట! ఆ మాట అప్పుడెవరైనా అని ఉంటే మా నాయన బతుకు రోడ్డున పడేది కాదు.

డెబ్బైలనాటి పెట్రోలు కష్టం చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ధర ఉన్నట్టుండి ఎగబాకితే టాక్సీలవాళ్లంతా తలలు పట్టుకున్నారు. మా నాయనకు ఉన్నదల్లా ఒక పాత అంబాసిడర్. రైల్లో ఆదోనిలో దిగే యాత్రికులను ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం చేర్చి ఆ డబ్బుతోనే మాకు అన్నం పెట్టేవాడు. ఆ యాత్రికులను కుదిర్చేది మంత్రాలయంలో లాడ్జి నడిపే మా పెదనాన్న. నాయన చేతులు కట్టుకు కూర్చునే మనిషి కాదు. తుంగభద్ర అవతల చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుణ్ణి పట్టుకొని, పర్మిటు సంపాదించి, స్పిరిట్ తెచ్చి, కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, పొద్దున పెట్రోలుతో స్టార్టు చేసి ఇంజను వేడెక్కాక పైపును విడిగా పెట్టిన స్పిరిట్ డబ్బావైపు తిప్పేవాడు. బండి ఎంత చక్కగా పోయేదో! ఆ రోజుల్లో ఆయన ముఖంలో ఉన్న సంతోషం నేను మళ్లీ చూడలేదు.

ఒక గురువారం ఆదోనిలో చుట్టాలింటికి వచ్చిన పెదనాన్న, పెద్దమ్మ తిరుగు ప్రయాణానికి మా బండే ఎక్కారు. ముందు సీట్లో నేనున్నాను. ఎమ్మిగనూరు చేరేసరికి ఈ సారాయి వాసనేమిటని పెద్దమ్మ ఆరా తీసింది. దాపరికం తెలియని నాయన సంబరంగా అంతా చెప్పేశాడు. పెదనాన్న బస్టాండు దగ్గర బండి ఆపించి, "సారాయి తాగే బండ్లో సామి కాడికి పోతారా యాడన్నా? దిగు, దిగు!" అని పెద్దమ్మ మీద కేకలేశాడు. ఇద్దరూ దిగి, కొళాయి కింద కాళ్లు కడుక్కొని, నెత్తిన నీళ్లు చల్లుకొని బస్సెక్కారు. జనం గుమిగూడి నవ్వుతున్నారు. "తాగేది ఇంజను గదన్నా, నేను గాదు గదా," అని నాయన బస్సు కిటికీ పట్టుకొని బతిమాలుతున్నాడు. సాయంత్రమైతే సీసా లేనిదే ముద్ద దిగని మనిషి మా పెదనాన్న! ఆయనకు అంటని మైల మా బండికి అంటిందట. సిగ్గుండాలి కదండీ?

ఆ తరువాత పెదనాన్న మా బండికి ఒక్క యాత్రికుణ్ణీ పంపలేదు. మళ్లీ పెట్రోలే పోస్తానని నాయన కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. స్టేషన్ దగ్గర నాయనకు తాగుబోతు టాక్సీవాడని పేరు పడిపోయింది. చివరికి వచ్చిన ధరకు బండి అమ్ముకొని, నాయన పత్తి మిల్లులో మూటలు మోసే పనికి చేరాడు.

కొన్నవాడు ఎవరి మనిషో మాకు ఆలస్యంగా తెలిసింది. పెదనాన్నే వెనకుండి కొనిపించి, బండంతా పసుపునీళ్లు చల్లించి, నిమ్మకాయలు కట్టించి, వేరే డ్రైవర్‌ను పెట్టి అదే రోడ్డులో యాత్రికులను తిప్పాడు.

ఈరోజు మంత్రాలయం పోయే కార్లలో ఆ స్పిరిట్ కలిసే ఉంటుంది, ఎవరూ ముక్కు మూసుకోరు. కాలం మారింది, మంచిదే. కానీ మిల్లు నుంచి వచ్చేటప్పుడు తన బండి ఎదురైతే నాయన రోడ్డు దిగి, తల పక్కకు తిప్పుకొని నిలబడేవాడు. పసుపునీళ్లు చల్లితే బండి శుద్ధి అయిపోయింది. మా నాయన మీద పడిన ఆ పేరును మాత్రం ఆయన కన్నుమూసేదాకా ఎవ్వరూ తుడవలేదు.