ఆగాల్సిన కంటైనర్

కరెంటు పోయి ఇన్వర్టర్ కీచుమన్నప్పుడల్లా నాకు రూతమ్మ మేడమ్ గుర్తొస్తారు. ఆనాటి తప్పు నాదని డైరీలో రాసుకున్నానే గాని, ఇంతవరకూ ఏ మనిషికీ పూర్తిగా చెప్పలేదు.

ఖమ్మంలో మాది మేడ మీది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మా పని చూసే పెద్ద మేడమే. భద్రాచలం వైపు అడవి అంచున ఒక దవాఖానాకు పేషెంట్ల వివరాలు ఎక్కించే ప్రోగ్రాం చేసిచ్చాం. అది మూడు కంటైనర్లుగా నడిచేది. అంటే, ఒక్కో పని దాని గదిలో అది చేసుకుపోయే ఏర్పాటు. ఒకటి తెర చూపిస్తుంది, ఒకటి వివరాలు దాస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. మూడోది మాత్రం మొదట్లో ఒక్కసారి ఖాళీ పట్టిక సిద్ధం చేసి ఆగిపోవాలి. అక్కడ కరెంటు మాటిమాటికీ పోతుంది కనుక, ఆగితే దానంతటదే మళ్ళీ మొదలయ్యేలా ప్రోగ్రాంలో ఒక వరుస రాయడం మా అలవాటు. నేను మూడింటికీ రాసేశాను. ఏదైనా ఆగిపోయిందని కనబడితే నాకు భయం. అడగడమంటే ఇంకా భయం.

ప్రోగ్రాం మొదటిసారి వాడింది గర్భిణులకు పరీక్షలు చేసే రోజే. ఆ పొద్దున నర్సు ఫోన్ చేసింది. “మేడమ్, పేర్లు కొడుతున్న, మాయమైతున్నయ్! మధ్యాహ్నం బండి పోతే వీళ్ళు మళ్ళా నెలకే వస్తరు.”

“చిట్టీల మీద రాసుకోండ్రి, ఎవర్నీ వాపసు పంపకుండ్రి,” అని మేడమ్ తెర చూశారు. మూడో కంటైనర్ పని ముగిస్తోంది, మళ్ళీ లేస్తోంది, పట్టికంతా ఖాళీ చేస్తోంది. దాన్ని ఆపేశారు.

“వాచ్‌మన్ పోతే మళ్ళా పిలుస్తం. సున్నమేసెటాయన పని అయిపోయి పోతే ఎందుకు పిలుస్తం? వచ్చి గోడ మీద రాసినవన్నీ కప్పేస్తడు. ఎవరు రాసిండ్రిది? శ్రవణ్, నువ్వేనా?”

“అవ్ మేడమ్, ఈ జిల్లాల తప్పులన్నీ నావే,” అని నా పక్క సీటు శ్రవణ్ నవ్వాడు. అది ఎగతాళని నాకొక్కదానికే తెలుసు. నేను తల దించుకుని, మూడోదానికి రాసిన ఆ వరుస చెరిపేశాను. చిట్టీలు ఎక్కించడానికి అతనే బస్సెక్కి వెళ్ళాడు. ఒక్క పేరు కూడా పోలేదు. కాని ఆఫీసులో అందరికీ అతను ‘సున్నం శ్రవణ్’ అయ్యాడు. తర్వాతి దవాఖానా పని మేడమ్‌కు పైనున్న సారు అతనికివ్వకుండా నాకిచ్చారు.

ఆ పనిలో మేడమ్ రోజూ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. “రాసేముందు అడుగు, ఇది ఉండేదా, చేసి పొయ్యేదా?” అనేవారు. ఇప్పటికీ ప్రతి కంటైనర్ దగ్గరా ఆగి, అదే అడుగుతాను.

భర్తకు బదిలీ అయి మేడమ్ ఉద్యోగం మానేసిన రోజు, టిఫిన్ సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే వెనకాలే పరుగెత్తాను.

“మేడమ్, ఆనాడు ఆ వరుస...”

ఆమె ఆశ్చర్యపోలేదు. నా భుజం మీద చెయ్యి వేశారు.

“నాకెందుకు చెప్తున్నవమ్మా? శ్రవణ్ పైననే ఉన్నడు, పో.”