దానం గారి చల్లటి ఇంజను

పి.గన్నవరం దానం గారు వేడిగా ఉన్న దేన్నీ నమ్మేవారు కాదు. కాఫీ కానీ, కబురు కానీ, మనిషి కానీ ముందు చల్లారాలి. వేడి మీద అన్నీ బాగానే కనిపిస్తాయనీ, అసలు గుట్టు చల్లారాకే బయటపడుతుందనీ ఆయన నమ్మకం. ఇరవై రెండేళ్ళు రైసుమిల్లు ఇంజను దగ్గర పనిచేసి రిటైరైన మనిషికి ఈ నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఎవరింట్లోనైనా ఉప్మా పెడితే, ప్లేటు పక్కన పెట్టుకుని కూర్చునేవారు. అది పూర్తిగా చల్లారాక ఒక ముద్ద నోట్లో వేసుకుని, "రవ్వ పాతదండి" అనేవారు. పెట్టిన ఇల్లాలికి ఒళ్ళు మండిపోయేది. ఆ మంట కూడా చల్లారాక మాట్లాడదామన్నట్టు ఆవిడ వంక శాంతంగా చూసేవారు.

మేనకోడలు సరోజినికి సంబంధం వచ్చినప్పుడు, పెళ్ళిచూపులకి ముందురోజే తెల్లారుతూనే, కబురైనా చెయ్యకుండా పెళ్ళికొడుకింటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. పెళ్ళికొడుకు లుంగీతో, నోట్లో వేపపుల్లతో, నిద్రమొహంతో బయటికి వచ్చాడు. ఈయనెవరో తెలియకపోయినా, "కూర్చోండి బాబాయిగారూ, టీ తెమ్మంటాను" అన్నాడు. దానం గారు అటునుంచటే చెల్లెలింటికి వెళ్ళి, "చల్లగా ఉన్నప్పుడు కూడా కుర్రోడు బానే స్టార్టవుతున్నాడమ్మా. చేసెయ్యొచ్చు" అని తేల్చేశారు. ఆ పెళ్ళి జరిగింది, ఆ ఇద్దరూ సుఖంగా ఉన్నారు. దాంతో కోనసీమలో పాత ఇంజను కొనదలచిన ప్రతివాడూ దానం గారిని వెంటబెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు.

అమలాపురం టాక్సీ అమ్మిరాజుకి ఆయనతో డెబ్భై ఎనిమిదిలో పని పడింది. మార్గశిరం చివర్లో, ఇరవయ్యేళ్ళు దాటిన తన ల్యాండ్‌మాస్టర్ కారులో పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని వస్తుంటే, సరిగ్గా గన్నవరం అక్విడెక్టు వంతెన మీద ఇంజనులో ఏదో విరిగి, పక్కనుంచి బెజ్జం పెట్టుకుని బయటికి వచ్చింది. వెనకాలే వస్తున్న ఇంకో టాక్సీ పాపారావు తన అంబాసిడర్ ఆపి, పెళ్ళికూతుర్నీ, కిరాయినీ కూడా ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. నెల తిరిగితే మాఘమాసం. ముహూర్తాలు ఎక్కువ అప్పుడే. ఏడాది తిండి ఆ ఒక్క నెలలోనే సంపాదించుకోవాలి. ఆ మోడల్‌కి కొత్త ఇంజను దొరకదు కాబట్టి పాతదే వెతకాలి.

మొదట రాజోలులో కలప అడితి పోలిరాజు గారి పాత కారు చూడడానికి ఇద్దరూ వెళ్ళారు. దానం గారు బానెట్ ఎత్తి, అరచెయ్యి ఇంజను మీద ఆనించారు.

"వేడిగా ఉందేవండి?"

"ఎండకండి" అన్నాడు పోలిరాజు.

"షెడ్డులో ఉంది కదండీ."

"షెడ్డు రేకులదండి మరి."

"ఆయ్. అయితే చల్లారేదాకా కూర్చుంటావండి."

మూడు గంటలు కూర్చున్నారు. పోలిరాజు ముందు మంచినీళ్ళిచ్చాడు, తరవాత మజ్జిగిచ్చాడు, ఆఖరికి గత్యంతరం లేక భోజనం పెట్టాడు. అన్నం కూడా చల్లారాకే తిని, దానం గారు ఇంజను తిప్పే హ్యాండిల్ అందుకున్నారు. ఆయన లెక్కలో మంచి ఇంజను మూడు తిప్పుల్లో అందుకోవాలి. అది ముప్ఫై తిప్పినా పలకలేదు.

తిరుగుదారిలో దానం గారు అమ్మిరాజుకి పాఠం చెప్పారు. "మనవొస్తున్నావని తెలిస్తే వేడి చేసి ఉంచుతారండి. వేడి ఇంజను ఎవడు తిప్పినా లేస్తుంది. అందుకే చెప్పకుండా, పొద్దున్నే వెళ్ళాలండి."

కొత్తపేట గంగాధరరావు గారింటికి అలాగే ఆరింటికి వెళ్ళారు. ఇంజను చల్లగానే ఉంది, మూడో తిప్పుకే లేచింది, చప్పుడు కూడా లేదు. అమ్మిరాజు మొహం వెలిగిపోయింది. దానం గారు మాత్రం ఇంజను ఆపించి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశారు.

"ఇంజనుకి కడుపులో బాలేదాండి?"

"అదేవిటండి?" అన్నారు గంగాధరరావు గారు.

"ఆముదం పట్టించేరు."

లోపల అరిగిపోయిన ఇనుము కొట్టుకునే చప్పుడు వినపడకుండా ఆయిల్‌లో చిక్కటి ఆముదం కలిపారన్నమాట. రేడియేటర్ మూత తీస్తే నీళ్ళ మీద చేపల పులుసులో తేలినట్టు నూనె తేలుతోంది. ప్లగ్గులు విప్పితే మసి. ప్లగ్గు బిస్కెట్ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టనీ, పొగగొట్టం దగ్గర నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టనీ, స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజనుకీ, ఇంకో కొస చెవికీ ఆనిస్తే లోపలి రోగం వినపడుతుందనీ దానం గారు ఆ రోజు చెప్పారు. అమ్మిరాజు అన్నీ బుద్ధిగా నేర్చుకున్నాడు. నేర్చుకోవడం తప్ప అతనికి వేరే పని కూడా లేదు.

ఆ తరవాత ఇంకో రెండు ఇంజన్లు చూశారు. రెండూ తప్పాయి. మాఘం ఇక వారం ఉంది. "మీరు ఇంజను కొంటన్నారా, డాక్టరీ చదువుతున్నారా?" అంది అమ్మిరాజు భార్య వీరవేణి. "పాపారావు అన్నయ్యగారు మాఘంలో పదకొండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నారంట."

అలాంటి సమయంలో దానం గారే కబురు తెచ్చారు. "బండారులంకలో ఒకటుందండి. టాక్సీ ఏసుపాదం గారిది, అదీ ల్యాండ్‌మాస్టరే. ఆయన పోయి రెండేళ్ళయింది కదండీ. గాలివానకి కొబ్బరిచెట్టు పడి కారు వెనక సగం అప్పడవైపోయింది గానీ, ముందు సగం నిక్షేపం. శనివారం పదింటికి రండి."

అమ్మిరాజుకి అనుమానం వచ్చింది. చెప్పకుండా ఆరింటికి దిగే మనిషి, పదింటికి రమ్మని టైము పెట్టడమేమిటి? శనివారం ఎనిమిదింటికే సైకిలేసుకుని వెళ్ళాడు. ఏసుపాదం భార్య జ్ఞానమ్మ పెరట్లోకి తీసుకెళ్ళి కారు మీద పట్టా తీసింది. అమ్మిరాజు అరచెయ్యి ఇంజను మీద ఆనించాడు. చుర్రుమంది.

"ఎవరు స్టార్ట్ చేసేరండి దీన్ని?"

"దానం గారేనండి. ఇందాకే తిప్పి, టీ తాగొస్తానని సెంటరుకెళ్ళేరు. కొనేవాళ్ళొచ్చే ముందు వేడి చేసి ఉంచాలంట కదండీ, ఇంజనుకి ఆరోగ్యవంట."

అమ్మిరాజు చెయ్యి ఊదుకుంటూ ఆవిడ వంక చూశాడు. జ్ఞానమ్మ దాపరికం తెలియని మనిషి. "ఇరవై రోజుల నుంచీ వస్తున్నారండి పాపం. మొత్తం విప్పేరు, తోవేరు, రింగులంట, అవీ కొత్తవి వేసేరు. ఏవైనా ఇవ్వబోతే, మీ ఆయనకీ నాకూ మాటుందమ్మా అంటారు. మా సుందరికి ట్రైనింగ్ సీటొచ్చిందండి. సోమవారంలోగా ఫీజు కట్టాలి. ఇది అమ్ముడైతే పిల్ల టీచరవుతుంది."

అమ్మిరాజుకి ముందు కోపం వచ్చింది. తరవాత పుల్ల లాగి చూశాడు. ఆయిల్ శుభ్రం. రేడియేటర్లో నీళ్ళు తేట. ప్లగ్గు విప్పితే అచ్చం బిస్కెట్. ఇంజను మంచిదే. మరి వేడి చెయ్యడమెందుకు? రెండేళ్ళు పడుకున్న ఇంజను కదా, చల్లగా ఉంటే మూడు తిప్పుల్లో లేవదు. లేవకపోతే ఇన్నాళ్ళూ తను తయారుచేసిన శిష్యుడు వద్దనేస్తాడు. ముసలాయన భయపడింది తన పాఠానికే. ఆ సంగతి తట్టేసరికి అమ్మిరాజు కోపం పోయి, దాని స్థానంలో కొంటెతనం వచ్చింది.

అంతలో దానం గారు వచ్చారు. అమ్మిరాజుని చూసి గతుక్కుమన్నా, తొణక్కుండా వచ్చి ఇంజను మీద చెయ్యి వేసి, అర నిమిషం అలాగే ఉంచారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చల్లగానే ఉందండి" అన్నారు, చెయ్యి వెనక్కి పెట్టుకుని పంచెకి రుద్దుకుంటూ.

"ఆయ్, చల్లగానే ఉందండి. అయినా కాసేపు కూర్చుందావండి" అన్నాడు అమ్మిరాజు.

మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాడు. జ్ఞానమ్మ వేడివేడిగా అన్నం, చేపల పులుసు పెడితే, దానం గారు పొగలు కక్కుతుండగానే తినేశారు. నోరు కాలిన సంగతి కూడా ఆయనకి తెలిసినట్టు లేదు.

భోజనాలయ్యాక అమ్మిరాజు హ్యాండిల్ పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. ఉలుకూ పలుకూ లేదు. జ్ఞానమ్మ గుమ్మం పట్టుకుంది. తల్లి వెనక సుందరి నిలబడింది.

"వయసు మళ్ళింది కదండీ, కాస్త టైము తీసుకుంటుంది" అన్నారు దానం గారు. నాలుగో తిప్పుకి, "గాల్లో చెమ్మ ఎక్కువండి ఇవాళ" అన్నారు. అయిదో తిప్పుకి, "మనవైనా అంతే కదండీ, లేవగానే లేస్తావేంటి" అన్నారు. ఆరో తిప్పుకి గోడవైపు తిరిగిపోయారు. ఏడో తిప్పుకి ఇంజను ఒక్క దగ్గు దగ్గి, కాస్త నీలం పొగ వదిలి, తరవాత తేరుకుని హాయిగా తిరగడం మొదలుపెట్టింది. అమ్మిరాజు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి విన్నాడు. నాలుగు సిలిండర్లూ ఒక్క తీరుగా నడుస్తున్నాయి. జ్ఞానమ్మ ఎంత చెబితే అంతా ఇచ్చేద్దామని అప్పుడే అనుకున్నాడు. కానీ ఆ మాట వెంటనే చెప్పలేదు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, చాలా గంభీరంగా మొహం పెట్టాడు.

"దానం గారండీ, మూడు తిప్పుల్లో లేవనిది మీ లెక్కలో పనికిరాదు కదండీ. ఇది ఏడు తిప్పించింది. ఏం చెయ్యవంటారు?"

దానం గారు ఇంజను వంక చూశారు, గుమ్మం వంక చూశారు, కాలిన అరచెయ్యి వంక చూసుకున్నారు.

"ఆయ్, పనికిరాదండి" అన్నారు. "కొనెయ్యండి."